ముక్కాయన

మా బాబాయిని ల్యాబులో అందరూ ముక్కాయన అనేవారు. గాజుసామాను కడగడం ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా ఇంకో పని కూడా ఆయనదే. పొద్దున్నే సైనైడు గది తాళం తీసి, ముందు తానొక్కడే లోపలికి వెళ్లి, విషపు వాసన ఉందేమో గాలి పీల్చి చూసి, "రండి" అనాలి. ఆ తర్వాతే ల్యాబులో ప్రయోగాలు చేసే మేం ఐదుగురం అడుగుపెట్టేవాళ్లం. గోడకు గ్యాస్ మీటరు ఉంది గానీ, అయినదానికీ కానిదానికీ మోగి మోగి పరువు పోగొట్టుకుంది.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మొదట నేనే. అంచు విరిగిన పరీక్షనాళికలు ఇంటికి తెచ్చి, రంగునీళ్లు పోసి, ఈ చదువు మీద ఆశ పుట్టించింది బాబాయే.

ఆ మంగళవారం పొటాషియం సైనైడు అయిపోయింది. స్టోరులో సిల్వర్ సైనైడు కనిపించింది. ఏదైనా సైనైడే కదా, బ్యూటైల్ అయోడైడులోంచి అయోడిన్‌ను తోసేసి ఆ చోట్లో కూర్చుంటుంది కదా అనుకున్నాను. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతి తొందరలో మరిచాను. పొటాషియం ఉప్పయితే సైనైడు తన కార్బన్ కొనతో అతుక్కుంటుంది. నాకు కావలసిన నైట్రైల్ వస్తుంది. వెండి మాత్రం ఆ కార్బన్‌ను పట్టుకుని వదలదు. ఖాళీగా ఉన్న నైట్రోజన్ కొన వెళ్లి అతుక్కుంటుంది. అప్పుడు వచ్చేది ఐసోసైనైడు. దాని కంపు గురించి పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం ఉంటుంది. అది ఏ మూలకూ చాలదు.

గాలి లాగేసే గూట్లో చేశాను కాబట్టి నాకు తెలియలేదు. ఫ్లాస్కు ఖాళీ చేసి, మూత బిగించి, కడగమని సింకులో పెట్టాను. బాబాయి మూత తీశాడు.

రెండు నిమిషాల్లో అందరం ముక్కులు మూసుకుని వరండాలో పడ్డాం.

"ఏం వండావమ్మా తల్లీ!" అన్నాడు మా సీనియరు కళ్లు తుడుచుకుంటూ.

"దీని ముందు మా ఆవిడ వంట అమృతం సార్," అన్నాడు స్టోరు గుమాస్తా. నేనూ నవ్వాను.

నవ్వుతూ కిటికీలోంచి చూశాను. బాబాయి ఫ్లాస్కును మొహం దగ్గర పెట్టుకుని, కూనిరాగం తీస్తూ బ్రష్షుతో తోముతున్నాడు. తలెత్తి మమ్మల్ని చూశాడు. అప్పుడు, అప్పుడే, చేత్తో ముక్కు మూసుకున్నాడు.

సాయంత్రం అందరూ వెళ్లాక అడిగాను. "ఎప్పట్నుంచి బాబాయ్?"

"ఏంటి, ఎప్పట్నుంచి?"

"నా దగ్గరా నాటకాలు?"

చేతులు తుడుచుకున్నాడు. "మొన్న చలికాలం జ్వరమొచ్చింది చూడు, అప్పట్నుంచే. కూర మాడినా మీ పిన్ని చెబితేనే తెలుస్తోంది."

"ఎనిమిది నెలలు! మరి రోజూ ఏం చూసి పిలుస్తున్నావు మమ్మల్ని?"

"కాసేపు లోపల నిలబడతానమ్మా. కళ్లు తిరక్కపోతే పిలుస్తాను."

ఆయనే అన్నాడు, "పై వాళ్లకు రాయకు. కడగడానికి ఎవరైనా దొరుకుతారు. ఆ గుమ్మం ఒక్కటే నాది."

"బాబాయ్, ఏదో ఒకరోజు నువ్వు బయటికి రావు."

"రాకపోతే మీకు తెలుస్తుందిగా, లోపలికి పోకూడదని."

అక్కడే కూర్చుని రిపోర్టు రాశాను. ముందు నా తప్పు, తర్వాత ఆయన సంగతి. ఆయనకు చదవడం రాదు. పైకి ఇవ్వకముందే వినిపించడం ధర్మమనిపించి చదివాను. చివరిదాకా కదలకుండా విన్నాడు.

"అటెండరు అని రాశావా నన్ను?"

"రిపోర్టులో అలాగే రాయాలి బాబాయ్."

"సరేలే," అని దీపాలు ఆర్పడానికి వెళ్లాడు.

నాకు హెచ్చరిక కాగితం ఇచ్చారు. ఆయన్ను ప్యాకింగ్ షెడ్డుకు మార్చారు. నెల దాటింది. వాళ్లింటికి ఫోన్ చేస్తే పిన్నే ఎత్తుతుంది. బాబాయికి ఇవ్వమంటే స్నానం చేస్తున్నాడంటుంది. ఏ వేళప్పుడు చేసినా స్నానమే.