లారీలో వెళ్ళే సిమ్ములు

తుపాకులవాళ్ళు టవర్ని తగలబెట్టిపోయాక మా ఊరి ఫోన్లన్నీ టార్చిలైట్లయ్యాయి. బాగు చేయిస్తామని కంపెనీవాళ్ళు అన్నారు. ఎవరొస్తారు? ప్రాణం ఎవరికి తీపి కాదు? అందుకని మేమే ఒక దారి చూసుకున్నాం. ఉల్లిగడ్డల లారీ వయిగుయా పట్నం వెళ్ళేటప్పుడు సిమ్ములు తీసి డ్రైవర్ టోయేకి ఇస్తాం. అతను అక్కడ ఒక్కొక్కటే తన ఫోన్లో వేసి, వచ్చిన కబుర్లు విని, మేం చెప్పమన్నవి చెప్పి, తిరిగి తెస్తాడు. ఊరందరి గుట్టూ అతని నోట్లోనే ఉంది. ఏం చేస్తాం, గతిలేనమ్మకు గంజే పానకం.

మా పక్కింటామె తలాతోకి తన సిమ్ము తప్ప వేరే ధ్యాస లేదు. పెనిమిటి నూఫు దక్షిణాన, పొరుగుదేశం ఐవరీ కోస్టు కోకో తోటల్లో ఉన్నాడు. కాయకోత అయ్యాక నిన్నూ పిల్లనూ తీసుకెళ్తాను, కబురు పెడతానని చెప్పి వెళ్ళాడు. ఇక్కడ ఊరు ఖాళీ అవుతోంది. అందరూ మూటలు సర్దుకుని పోతున్నారు. ఆమె మాత్రం అతని పిలుపు వస్తేనే కదులుతానని కూర్చుంది.

టోయే సామోవాడు, మేం మోసీలం. ఈ రెండు జాతులదీ తాతలనాటి వేళాకోళపు వరస. బావామరదళ్ళలా నోటికొచ్చినట్టు తిట్టుకోవాలి. వాళ్ళ నోట మేం బానిసలం, మా నోట వాళ్ళు కుక్కల్ని తినేవాళ్ళు. తిట్లు పడ్డవాడు నవ్వాలి. చావింట్లో కూడా ఇది ఆగదు.

ఆ రోజు లారీ దిగుతూనే అరిచాడు.

"ఒసే నా బానిసా! నీ మొగుడు ఫోన్ చేశాడే!"

"కుక్క తలకాయలు తినే నోటితో ఏం వాగావురా?" అంది తలాతో. ఎన్నాళ్ళకో ఆమె ముఖంలో కళ వచ్చింది.

"హలో అనగానే ఎవడ్రా నువ్వు అన్నాడు. నీ పెళ్ళాం నా దగ్గరుందిరా మోసీ, ఇక నాదే అన్నాను."

"అంటే ఏమన్నాడు?"

"లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "సామోవాణ్ణని చెప్పావా ముందు?"

"చెప్పాలా అక్కా? నా యాస వింటే తెలీదూ?"

తలాతో సిమ్ము మళ్ళీ అతని చేతిలోనే పెట్టింది. "నువ్వెవరివో చెప్పు. లారీ సంగతి చెప్పు. ఎప్పుడు రమ్మంటాడో అడుగు" అంది.

లారీ తిరిగొచ్చేదాకా ఆమె జొన్నలు దంచింది, నీళ్ళు మోసింది, పిల్లకు జడలు వేసింది. భయంగా ఉందా అని అడిగాను. "ఏమీ లేదక్కా. మొద్దుబారినట్టుంది" అంది.

లారీ వచ్చింది. టోయే అరవలేదు. "తలాతో" అని పేరు పెట్టి పిలిచాడు. సామోవాడు మర్యాదగా పిలిచాడంటే ఏదో కీడే.

"దొరికాడు. నేను టోయేని, సామోవాణ్ణి, సిమ్ములు మోసేవాణ్ణి అని అంతా చెప్పాను. తెలుసు అన్నాడు. ఆవేళే నా యాస గుర్తుపట్టానన్నాడు."

"ఎప్పుడు రమ్మన్నాడు?"

"అదే అడిగాను. నీ దగ్గరుంది అన్నావుగా, నువ్వే ఉంచుకో అన్నాడు."

నేను హమ్మయ్య అని నవ్వేశాను. సామోవాడికి ఏ మోసీ అయినా ఇవ్వాల్సిన జవాబే అది. తలాతో నవ్వలేదు.

"అని నవ్వాడా?" అని అడిగింది.

టోయే తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "నవ్వుతాడేమోనని చాలాసేపు ఆగాను. నవ్వలేదు. వెనకాల ఎవరో ఆడమనిషి తిండికి పిలిచింది. వస్తున్నానని ఆమెతో అని, పెట్టేశాడు."

తలాతో సరే అంది. నేను ఊరుకోలేకపోయాను. నూఫుని, వాడి కోకో తోటల్ని, వాడి వంశాన్ని నోరారా తిట్టాను. ఇవి నవ్వాల్సిన తిట్లు కావు.

"ఎందుకక్కా, నోరు నొప్పి" అంది ఆమె. "నాకే ఏమీ అనిపించట్లేదు." పిల్ల ఎండలో ఆడుతుంటే ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.