పురుగుల ఉపవాసం

మా అత్తగారు కాశమ్మకు సైన్సు చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

జాలరిపేటలో ఎండుచేపలకు ఈగపురుగులు పట్టి సరుకంతా పాడవుతోంది. ఆ పురుగుల్ని వేటాడి తినే రోవ్ బీటిల్స్ అనే పెంకుపురుగులు రెండు రకాలు అక్కడే దొరికాయి. పెద్దదానికి బూడిదరంగు చారలు, చిన్నది నిగనిగలాడే నలుపు. రెంటిలో ఏది ఎక్కువ తింటుందో తేల్చడమే నా పరిశోధన. దానికి ముందు రెంటినీ ఒక రోజంతా పస్తు పెట్టాలి. ఒకదాని కడుపు నిండి ఉంటే ఇక పోలికేమిటి, నా మొహం!

యూనివర్సిటీ లాబ్‌లో ఏసీ చెడిపోయి బీటిల్స్ డబ్బాలూ, వాటి మేతకుంచిన ఈగపురుగుల డబ్బా దువ్వాడలో మా ఇంటికి తెచ్చుకున్నాను. మర్నాడు పొద్దున్నే గైడ్ అర్జునరావుగారి ముందు పరీక్ష. అత్తగారికి అర్థమయ్యేలా చెప్పాలని, "రేపటిదాకా వీటికేటీ పెట్టకండత్తయ్యా, ఉపవాసమనుకోండి" అని వెళ్లాను. అదీ నా తెలివి!

ఆ రోజు కార్తీక సోమవారం.

చీకటి పడ్డాక తిరిగొచ్చి చూస్తే పెద్దవి కదల్లేకుండా పడున్నాయి. డబ్బా నిండా ఈగపురుగుల తుక్కు.

"ఎవరు పెట్టినారత్తయ్యా?"

"నానే. సుక్కలొచ్చీసినాయి కదమ్మా. సుక్కలు సూసినాక కూడా పస్తుంచితే పాపం కాదేటి? సెంచాతో ఏసినాను. పెద్దవి బాగా తిన్నాయి. సిన్నవి బెదిరిపోయి మూల నక్కినాయి."

కార్తీకమాసమంతా ఇంట్లోకి గుడ్డు కూడా రానివ్వని మనిషి!

"నా పనంతా గంగలో కలిపీసినారు! సార్‌కి ఏటి సెప్పమంటారు?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను.

ఆవిడ స్నానాల గదిలోకి వెళ్లారు. పురుగుల డబ్బాలు ముట్టుకున్నారు కదా, మళ్లీ తలస్నానం చేస్తేగాని అన్నం ముట్టరు. అప్పుడు వెలిగింది నాకు, ఆవిడింకా తినలేదని.

తడిజుట్టుతో వచ్చి, "వచ్చే సోమారం మళ్లీ పస్తుంచమ్మా వాటిని. అవి తినవు, నానూ తినను. తెల్లార్లూ కాపలా కాస్తాను" అన్నారు.

"మీకు షుగరత్తయ్యా!"

"అవి కడుపు కాల్సుకుంతంటే నాకు ముద్దెలాగ దిగుద్ది?"

కంచం పెట్టి అన్నం వడ్డించాను. ఆవిడ చన్నీళ్లకు వణుకుతూనే ముద్ద కలిపారు. పొద్దుట్నుంచి ఆవిడ తిన్నది అదే మొదటి ముద్ద. నా పురుగులు అంతకుముందే తినేశాయి.