వేయని తాడు

అదేనమ్మా అనితా, మీ అన్న మునిశేఖర్ ఆడే ఆ పాచికలాట గురించే చెప్తాండాను, ఈ అవ్వ మాటల్ని నిదానంగా రాసుకో.

మదనపల్లెలో సబా వాళ్ల గాజులంగడి మిద్దె మీద ప్రతి ఆదివారం ఆ ఆట జరిగేది. సబా కథ చెబుతుంది. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ ఆ కథలో నడుస్తారు. కుప్పం నుంచి వచ్చే మునిశేఖర్‌ది సిపాయి పాత్ర. రెండేళ్లు ఆ గుంపును అతనే ముందుండి నడిపించాడు.

తర్వాత పుంగనూరు నుంచి అమ్జద్ వచ్చి వైద్యుడి పాత్ర తీసుకున్నాడు. మాట్లాడేది తక్కువే, కానీ అతను నోరు తెరిస్తే సబా కూడా ముందుకు వంగి వినేది. మునిశేఖర్‌కు కడుపు మండిపోయేది. అమ్జద్ వంతు వచ్చినప్పుడల్లా అడ్డం పడి తనే ఆడేసేవాడు.

"నీ వంతు వచ్చేదాకా ఉండప్పా," అని సబా ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

ఒక ఆదివారం కథలో వైద్యుడు ఏట్లో పడ్డాడు. తాడు సిపాయి దగ్గరే ఉంది.

"నేను ఎయ్యను," అన్నాడు మునిశేఖర్. "అంత గొప్పోడు కదా, ఈదుకోని రానీ!"

"ఆటలో కూడా నన్ను సంపల్లా అన్నా?" అంటూ అమ్జద్ లేచి వెళ్లిపోయాడు.

సబా కథ రాసుకున్న పుస్తకం మూసేసింది. "వాడు వచ్చేదాకా ఆట లేదు. పిల్చకొచ్చే పని నీదే."

అమ్జద్ తన పాత్ర వివరాలు రాసుకుని వదిలేసిన కాగితాన్ని మునిశేఖర్ తీసి చూశాడు. 'ఈ గుంపులో ఎవరిని నమ్ముతావు?' అన్న ప్రశ్న కింద 'సిపాయిని' అని రాసి ఉంది.

మూడు వారాలుగా అతను అమ్జద్‌కు చేద్దామని ఫోన్ తీస్తున్నాడు, మళ్లీ జేబులో పెట్టేస్తున్నాడు.

మీ అన్నకు కుళ్లు ఇంకా పోలేదమ్మా, సూస్తానే ఉండాను. అయినా తాడు ఎయ్యల్లని ఉండాది, నోరే రాలేదు. నువ్వు ఆ అమ్జద్‌కు ఫోన్ చేసి, ఇదంతా చదివి వినిపించమ్మా.