అత్తగారి ముక్కు

సరస్సు ఒడ్డున ఇసుకరాతి కొండ గాలికీ అలలకీ అరిగి అరిగి, ఒకచోట పెద్ద వంకర ముక్కులా మిగిలింది. కయాకు పడవల్లో జనాన్ని తిప్పే అల్లుడు దానికి ‘అత్తగారి ముక్కు’ అని పేరు పెట్టి, ఆరేళ్లుగా నవ్వులు దండుకుంటున్నాడు. పడవల ఓనరు ఆ పేరును టికెట్ల గది ముందున్న బోర్డు మీదికి కూడా ఎక్కించాడు.

ఆ అత్తగారే ఇవాళ కయాకు ఎక్కుతానని కబురు పెట్టింది. తెడ్డు తిప్పేవాడికి పిల్లనివ్వనని ఒకప్పుడు మొండికేసిన మనిషి, ఈ మధ్యే కాస్త కరిగి ‘బాబూ’ అని పిలుస్తోంది. ఆ పిలుపు కాస్తా పోతుందని అతని గుండెల్లో రాయి పడింది. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి, బోర్డు మొహమైనా చూడకుండా పీకేసి, లైఫ్ జాకెట్ల గుట్ట కింద బోర్లించాడు. అరచేతికి పసుపు రంగు అంటుకుంది. తుడుచుకునే తీరిక ఎక్కడిది? ఆ పేరు ఎత్తొద్దని తోటి గైడ్ల గడ్డాలు పట్టుకుని బతిమాలే పని ఇంకా ఉంది.

రెండు సీట్ల కయాకులో ఆవిడ ముందు, అతను వెనక. మొహం కనబడదు కాబట్టి వీపు చూసే మనసు కనిపెట్టాలి. ఇది ఏనుగు, అది కుర్చీ అంటూ బుద్ధిమంతుడిలా కొండలు చూపించాడు. ముక్కు దగ్గర పడగానే, అటు గాలి ఎక్కువని చెప్పి పక్కకి తిప్పబోయాడు. ఆవిడ రెండోవైపు గట్టిగా తెడ్డేసింది. కయాకు తిన్నగా ముక్కు కిందికే పోయింది.

అప్పుడే ఎదురొచ్చిన తోటి గైడు, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి, అది మామగారి ముక్కని తన జనానికి గట్టిగా చెప్పాడు.

“మీ మామగారిది చప్పిడి ముక్కు బాబూ,” అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే. “ఇది నాదే. కిందటి నెల నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి చూసిపోయాను.”

ఆవిడ గడ్డం పైకెత్తి పక్కకి తిరిగింది. రాతి ముక్కు కొన అప్పుడే రాలిపోతోందనీ, మొత్తం కూలిపోకముందే రెండు ముక్కుల్నీ పక్కపక్కన ఫొటో తీయమనీ పురమాయించింది. రెండూ ఒకే అచ్చు. అతను సిగ్గుతో చచ్చిపోతూ తీశాడు.

మలుపు తిరిగాక అలలు తొలిచిన గుహ ఒకటుంది. ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది, లోపల నీళ్లు గడగడా వాగుతూనే ఉంటాయి. ఆవిడ అక్కడ ఆపమంది.

“దీనికి ‘అల్లుడి నోరు’ అని పేరు పెట్టాను. నిన్న సాయంత్రమే మీ ఓనరుతో చెప్పి బోర్డు మీద రాయించాను. తెల్లారేసరికి రంగు ఆరిపోయి ఉంటుంది.”

అతను అరచెయ్యి చూసుకున్నాడు.

“ఆరలేదు అత్తయ్యగారూ,” అన్నాడు, నోరు జారి.

ఆవిడ వీపు కదిలిపోయేలా నవ్వింది.

“అయితే వెళ్లగానే చెయ్యి కడుక్కుని, ఆ బోర్డును ఎక్కడ తీశావో అక్కడే తగిలించు బాబూ.”