మూడు పేర్లున్న కంప్యూటర్

కొట్టు తెరవగానే మెకానిక్కమ్మ చేసే మొదటి పని, ముందురోజు విప్పిపెట్టిన పెట్టెల్లోంచి దుమ్ము ఊదడం. రెండో పని, జనాన్ని తిట్టడం. తెర మీద బొమ్మ చెరిపేసి ప్రోగ్రాం పోయిందనుకుంటారు మహానుభావులు! గుమ్మానికున్న పేరు పలక పీకేస్తే లోపలి మనిషి ఇల్లు ఖాళీ చేసినట్టా? జాబితాలోకి వెళ్లి తీయాలి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేయాలి, ఆ తర్వాత మూలమూలలా నక్కిన ఫైళ్లని వెతికి పట్టుకోవాలి. అంత ఓపిక ఎవరికుంది? ఆవిడకే ఉంది.

ఆవిడ చేత్తో తీస్తే మొదలంటా పోతుంది. ఫైళ్లే కాదు, ఆ ప్రోగ్రాం తాలూకు జ్ఞాపకంగా మనిషిలో మిగిలింది కూడా పోతుంది. గుమాస్తా ఒకాయన చదరంగం ఆట తీయించుకుంటే, పదకొండేళ్లుగా బావమరిది చేతిలో ఓడిపోతున్న సంగతి కూడా దాంతోపాటే ఊడ్చుకుపోయింది. మర్నాడే మీసం మెలేసి, "రారా, నీ సంగతి చూస్తా" అని బావమరిదిని పిలిచాడు. మళ్లీ ఓడాడనుకోండి, అది వేరే విషయం. దీనికి వీధిలో ఎవరూ వింతపడలేదు. పని శుభ్రంగా చేస్తుందని మాత్రం చెప్పుకున్నారు.

ఆ రోజు పదిన్నరకి దర్జీ వచ్చాడు, కంప్యూటర్‌ని దుప్పట్లో చుట్టి పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని. బడిపిల్లల యూనిఫారాల మీద బడి గుర్తులు కుట్టడం అతని పని. ఆ గుర్తులు కంప్యూటర్లో గీసి మిషనుకి పంపే పని కూతురిది. పంతొమ్మిదేళ్ల పిల్ల. జ్వరమని పడుకుని తొమ్మిదో రోజున పోయింది. ఏడు నెలలైంది.

"డిజైన్ల ప్రోగ్రాం తీసేయాలమ్మా."

మెకానిక్కమ్మ కంప్యూటర్ వేసి తెర చూసింది. "నువ్వే తీసేసినట్టున్నావుగా అన్నయ్యా? బొమ్మ కనపడట్లేదు."

"తీశాననుకున్నాను. రోజూ పదింటికి అదే పైకొచ్చి అడుగుతోంది, 'మీ డిజైన్ సగంలో ఆగింది, కొనసాగిస్తారా?' అని. అదీ పిల్ల పేరు పెట్టి మరీ. మీ వదిన తొమ్మిదింటికే వెళ్లి దాని ముందు కూర్చుంటుంది. 'కాస్త ఉండు, వస్తుంది' అని దానికి జవాబు చెప్తుంది. ఇక పొద్దుపోయేదాకా అక్కడే. తిండి లేదు, నిద్ర లేదు. డాక్టరు మొన్న మొహం మీదే చెప్పేశాడమ్మా, ఇలాగే సాగితే నెల కూడా దక్కదని."

"వదినకి చెప్పే తెచ్చావా?"

దర్జీ దుప్పటిని నాలుగు మడతలు పెట్టాడు. విప్పి మళ్లీ పెట్టాడు.

"చెప్పలేదు. చెప్తే తేనిస్తుందా? సెలైన్ ఎక్కించడానికని మా చెల్లెలు ఆసుపత్రికి తీసుకెళ్లింది. పిల్ల బట్టలు, ఫొటోలు అన్నీ చెల్లెలింటికి చేర్చేశాను. నోరు జారొద్దని ఇరుగుపొరుగుని పేరుపేరునా బతిమాలుకున్నాను."

"ఒకసారి తీశాక మళ్లీ పెట్టడం నా వల్ల కాదు. ఆలోచించుకో."

"ఏడు నెలలుగా ఆలోచన తప్ప ఏముందమ్మా? కానీ."

కంప్యూటర్లో మూడు పేర్లున్నాయి, ఇంట్లో మనిషికొకటి. ఎవరి పేరు మీద మిగిలింది వాళ్ల దగ్గర్నుంచే పోతుంది గనక, ఒక్కో పేరులోకి విడివిడిగా వెళ్లాలి. ముందు పిల్ల పేరు. అందులో సగంలో ఆగిన డిజైన్ ఉంది, ఒంటి రెక్క పిచ్చుక. మెకానిక్కమ్మ దాన్ని చూసింది, దర్జీ గోడకేసి చూశాడు. అది పోయింది. తర్వాత భార్య పేరు. పాస్‌వర్డ్ దర్జీయే కొట్టాడు. నలభై మూడు ఫైళ్లు దొరికాయి. చివరి ఫైలు దగ్గర మెకానిక్కమ్మ చెయ్యి ఆగింది. "కానీ తల్లీ, ఆపకు" అన్నాడతను. నొక్కేసింది.

"ఇక నీ పేరు. ఇరవై ఆరున్నాయి. తీసేయనా?"

తీయించుకుందామనే వచ్చాడు. ఇద్దరూ ఒకేసారి మర్చిపోతే ఆ ఇంట్లో ఇక ఏడ్చేవాళ్లే ఉండరని, తనకీ ఒక్క రాత్రి కంటి నిండా నిద్ర పడుతుందని ఎంతో ఆశపడ్డాడు. తీరా అడిగేసరికి దుప్పటి మడతలు మళ్లీ విప్పాడు.

"తొందరపడకు అన్నయ్యా, సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాగా."

"వద్దమ్మా, వదిలెయ్" అన్నాడు చివరికి. "తల్లికీ గుర్తు లేక, తండ్రికీ లేకపోతే, అది అసలు ఎవరికీ పుట్టని పిల్లైపోదూ?"

మెకానిక్కమ్మకి ఏడుపొచ్చింది. ఎవర్నైనా నాలుగు తిడితే తగ్గేదేమో. తిట్టడానికి ఎవరూ కనపడక, దుప్పటి తీసుకుని కంప్యూటర్‌ని తనే చుట్టి ఇచ్చింది.

మధ్యాహ్నం అతను ఇల్లు చేరేసరికి భార్య భోజనానికి కూర్చుని ఉంది. పక్కన చెల్లెలు వడ్డిస్తోంది. భార్య చెంపలు పీక్కుపోయే ఉన్నాయి గానీ, కళ్లలో తేటదనం వచ్చింది. గబగబా తింటోంది.

"ఎక్కడికి పోయారండీ? ఆకలికి ఆగలేక కూర్చున్నాను. ఎన్నాళ్లకో తిన్నట్టుంది. రండి, కూర్చోండి."

కూర్చున్నాడు. కంచంలో చెయ్యి పెట్టాడు గానీ, ముద్ద నోటిదాకా రావట్లేదు.

"ఆసుపత్రిలో పక్క మంచం ఆవిడకి కూతురు తల దువ్వుతోంది. ముచ్చటేసింది" అంది భార్య. "ఏమండీ, మనకీ ఒక పిల్ల ఉండుంటే బాగుండేదని మీకెప్పుడూ అనిపించలేదా?"

చెల్లెలు నీళ్ల చెంబు పట్టుకుని గబుక్కున వంటింట్లోకి వెళ్లిపోయింది.

"లేదు" అన్నాడు దర్జీ.

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా."

"మనిషి కాదు, బండరాయి" అని నవ్వి, ఆవిడ ఇంకాస్త వడ్డించుకుంది.