మెర్వ్ మిగిల్చిన తూటా

మెరిగాల్ అనే ఆ ఆస్ట్రేలియా పల్లెలో ఎవరైనా పోతే ముందు పాస్టరుగారికి, ఆ తర్వాత నోరీన్‌కి కబురెడతారు. పాస్టరు మనిషి సంగతి చూస్తాడు, నోరీన్ తూటాల సంగతి చూస్తుంది. గొర్రెలు పెంచే చోట తూటాల్లేని ఇల్లెక్కడిది? బిస్కెట్ డబ్బాలో కొన్ని, పాత మేజోళ్ళలో కొన్ని, చలికోటు జేబులో కొన్ని. తాత కొన్నవి, తండ్రి కొన్నవి, యుద్ధం నుంచి తెచ్చుకున్నవి, చిలుం పట్టినవి, చెమ్మకి ఉబ్బినవి, అన్నీ కలగాపులగం. చెత్తలో పారెయ్యకండర్రా, పాతిపెట్టకండర్రా అని చెప్పి చెప్పి ఆవిడ నోరు నొప్పెట్టింది. ఎండుటాకులతో పాటు మంటలో పోసిన మహానుభావుడూ ఉన్నాడు. వాడి నీళ్ళ ట్యాంకు జల్లెడైపోయింది.

మెర్వ్ పెథెరిక్ పోయిన వారానికి నోరీన్ వాళ్ళింటికెళ్ళింది. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే పోయాడు. తుపాకులు అప్పటికే పోలీస్ స్టేషన్‌కి చేరాయి. తండ్రితో పాటు పొలం మీదే ఉండిపోయిన కొడుకు క్లైవ్ టీ పెట్టాడు. సిడ్నీ నుంచొచ్చిన అక్క లోర్నా డబ్బాలన్నీ వంటింటి బల్ల మీదికి చేర్చింది. పొలం అమ్మకానికి పెట్టారు. సాయంత్రం లోర్నా తన కారులో వెళ్ళిపోతుంది, అమ్ముడయ్యేదాకా క్లైవ్ ఒక్కడే ఉంటాడు. అదీ వాళ్ళ ఏర్పాటు.

నోరీన్ పాత తువ్వాలు పరిచి తూటాలు పోసింది. కాసేపు అలాగే పడున్నాయి. తర్వాత, ఎప్పట్లాగే, ఒక్కొక్కటే మెల్లిగా తిరగడం మొదలెట్టాయి, దేనికోసం దాచారో అది ఉన్న వైపుకి. కుందేళ్ళవి మిట్ట వైపు, నక్కలవి కోళ్ళగూటి వైపు తిరిగాయి. కాకులవి లేచి నిలబడ్డాయి. మెర్వ్ కాల్చి పారేస్తానన్న పక్కింటి పొట్టేలు ఎప్పుడో చచ్చింది కాబట్టి దాని తూటా కదల్లేదు. లోర్నా వాటిని చూస్తూనే టీలో పాలు కలుపుకుంది. నోరీన్ ఎటు తిరిగినవి అటు ఏరి డబ్బాల్లో వేస్తోంది.

చివరికొకటి మిగిలింది. తక్కినవన్నీ చిలుం పట్టినా అది మాత్రం తళతళలాడుతోంది, ఎవరో రోజూ తుడుస్తున్నట్టు.

"ఇది మీ నాన్నది," అంది నోరీన్. "పెద్ద కరువులో మేపలేక గొర్రెలన్నిట్నీ తుపాకీతో కాల్చి గోతిలో వేశాక, తన కోసం ఒకటి పక్కన పెట్టుకున్నాడు. ఇక్కడ చాలా ఇళ్ళల్లో ఉంటుందమ్మా ఇలాంటిది. వాడలేదు, అదే అదృష్టం."

మనిషే పోయాడు కాబట్టి అదీ పొట్టేలు తూటాలా పడుండాలి. పడుండలేదు. వణికింది, ఒక చుట్టు తిరిగింది, సింకు దగ్గర కప్పులు కడుగుతున్న క్లైవ్ వీపుకి ఎదురుగా ఆగింది. వాడు ఫ్రిజ్ దగ్గరికెళ్తే అటు తిరిగింది. మళ్ళీ సింకు దగ్గరికొస్తే ఇటు తిరిగింది.

పొద్దున లోర్నా వాణ్ణి చూసి, ఎండుపుల్లలా అయ్యావేంట్రా, వంట మానేశావా అని ఎగతాళి చేసింది. ఆ మాట ఇప్పుడు తనకే గుచ్చుకుంది. తూటాని అరచేత్తో మూసేసింది. చెయ్యి కింద అది ఇంకా కదుల్తూనే ఉంది.

"తూటాని నేను పట్టుకుపోతాను," అంది నోరీన్ గొంతు తగ్గించి. "మనిషిని మాత్రం నువ్వే పట్టుకుపోవాలి."

లోర్నా లేచి వెళ్ళి కుళాయి కట్టేసింది.

"ఒరే క్లైవ్, చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?"

వాడు తుడిచిన కప్పునే మళ్ళీ తుడిచాడు.

"రోజూ కాదక్కా," అన్నాడు.

లోర్నా వాణ్ణి పట్టుకుని ఏడ్చింది. వాడు ఆ తడి చేతులతో ఏం చెయ్యాలో తెలియక చాలాసేపు అలాగే నిలబడ్డాడు. కుక్కని ఎవరికివ్వాలి, గొర్రెల్నెవరు చూస్తారు అని నసిగితే, కుక్కా వస్తుంది, గొర్రెల సంగతి పక్కింటివాళ్ళకి చెప్తాను, నోర్మూసుకుని బట్టలు సర్దు అంది.

మట్టిరోడ్డు మీద కారు ముందు, నోరీన్ బండి వెనక. పక్క సీటు మీద తూటా ఆ కారు వైపే తిరిగి ఉంది. తారురోడ్డు దగ్గర కారు తూర్పుకి మళ్ళితే అదీ తూర్పుకి మళ్ళింది. నోరీన్ బండి ఆపేసింది. కారు కనుమరుగైంది, దాని దుమ్ము కూడా అణిగింది. ఆవిడ స్టీరింగు పట్టుకుని తూటాకేసే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి అది సీటు మీద అటూ ఇటూ ఊగి, పక్కకి దొర్లి, ఎటూ చూడకుండా పడుంది. అప్పుడు గానీ ఆవిడ బండి స్టార్ట్ చెయ్యలేదు.