రేకుకూ ఉయ్యాలకూ మధ్య

నేను ఒక మెరిసే పట్టను. ఇనుప రేకుల కింద, మనుషుల నెత్తి మీద, ఎవరూ తలెత్తి చూడని చోట పరుచుకుని ఉండటం నా బతుకు. కొందరు వెండి కాగితం అంటారు, కొందరు సిల్వర్ షీటు అంటారు. నాలో వెండి వీసమెత్తు కూడా లేదు. మధ్యలో బుడగల ప్లాస్టిక్కు, దానికి పైనా కిందా వెంట్రుక కంటే పలచటి అల్యూమినియం పొర, అంతే నేను. పుట్టినప్పటి నుంచీ నాకు భయం ఎక్కువ.

కార్ఖానాలో మొదట నేనొక అల్యూమినియం దిమ్మను. వేడి చేసి రెండు ఇనుప రోలర్ల మధ్యకు తోశారు. అవతలికి వచ్చేసరికి సగం లావు పోయింది. ఇక అయిపోయిందనుకుంటే ఇంకాస్త దగ్గరగా ఉన్న రోలర్లలోకి తోశారు. అలా ఎన్నిసార్లో. ప్రతిసారీ ఈ దఫా చిరిగిపోతానని వణికాను. చివరికి గాలి వీస్తే ఎగిరిపోయేంత పలచనయ్యాక, బుడగల ప్లాస్టిక్కుకు అతికించి, ఎండ మోసుకొచ్చే వేడిని వచ్చిన దారినే తిప్పి పంపడం నా పని అని చెప్పి చుట్టచుట్టి లారీ ఎక్కించారు. ఎండకు ఎదురు నిలబడే పనికి ఇంత బక్కప్రాణాన్ని ఎందుకు ఎంచుకున్నారో నాకు ఈ రోజుకీ తెలియదు.

లారీ నన్ను పిడుగురాళ్ళ దాటాక ఉన్న ఒక కోళ్ళ ఫారంలో దించింది. యజమాని పేరిరెడ్డి. అంతకు ముందు వేసవిలో ఒకే మధ్యాహ్నం ఆయన కోళ్ళు ఆరువందలు నోళ్ళు తెరుచుకుని చచ్చిపోయాయట. అందుకని షెడ్డు రేకుల కింద నన్ను కట్టించాడు. ఆ ఏడాది కోళ్ళు బతికాయి. గుడ్లు ఏరడానికి వచ్చే ఆడవాళ్ళు పని అయిపోయినా ఏదో ఒక సాకుతో షెడ్డులోనే తచ్చాడేవాళ్ళు. కోళ్ళు ఉండే చోట చల్లగా ఉండటమూ, తాము ఉండే చోట పెనం మీద ఉన్నట్టుండటమూ వాళ్ళలో ఎవరికీ వింతగా తోచలేదు. సైదమ్మకు తప్ప.

సైదమ్మకు యాభై దాటాయి. ఆమె భర్త దస్తగిరి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. కిందటి రోహిణి కార్తెలో ఒక రోజు బేరం లేక పొద్దున్నే ఇంటికొచ్చి, అన్నం తిని, తన రేకుల ఇంట్లో నడుం వాల్చాడు. సైదమ్మ ఫారం నుంచి మూడింటికి వచ్చి చూసేసరికి ఒళ్ళు కాలిపోతోంది, పలుకు లేదు. ఆటోలోకి ఎక్కించే లోపలే ప్రాణం పోయింది. ఎండలో తిరిగి పోయినవాళ్ళ గురించి ఆమె విన్నది. ఇంట్లో పడుకుని వడదెబ్బకు పోవడం ఆమె అప్పుడే చూసింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం పూట ఆమె తన గడప తొక్కడం మానేసింది.

ఇప్పుడు కోడలు నన్నేబి పుట్టింట్లో ఆడపిల్లను కన్నది. నెల తక్కువ పిల్ల, దోసిట్లో ఇమిడేంత ఉంటుంది. పేరు షమీమ్. సున్నం బట్టీలో లోడు ఎత్తే కొడుకు కాశింవలి పెళ్ళాం బిడ్డలను తెచ్చుకుంటానని తొందరపడుతున్నాడు. ఆ రేకుల సంగతి తేలేదాకా పసిదాన్ని ఇంట్లో అడుగు పెట్టనివ్వనని సైదమ్మ తెగేసి చెప్పింది.

షెడ్డుకు పోగా మిగిలిన నా చుట్టను పేరిరెడ్డి సామాన్ల గదిలో గోడవార నిలబెట్టి మరిచిపోయాడు. ఒక రోజు సైదమ్మ గుడ్ల గంప దించి ఆయన ముందు నిలబడింది.

"కోళ్ళకు పనికొచ్చింది నా మనవరాలికి పనికిరాదా అయ్యా?" అని అడిగింది.

ఆయన సామాన్ల గది తలుపు తీయించాడు. తరువాత తీసుకుపొమ్మన్నాడు.

అలా నేను ఆమె నెత్తి మీద ఎక్కి ఊళ్ళోకి వచ్చాను. వీరాచారి అనే వడ్రంగి నన్ను రేకులకు అడుగున జిగురుతో అతికించాడు. నున్నగా, ముడత లేకుండా, పెళ్ళిపందిరిలా ఉందని చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నా అవస్థ నాకే తెలుసు. రేకు వేడి నేరుగా నా ఒంట్లోకి దిగిపోతోంది. తిప్పి పంపడానికి సందు ఉంటే కదా! మధ్యాహ్నానికి నేనూ రేకులాగే కాలాను. సైదమ్మ స్టూలెక్కి అరచెయ్యి నాకు ఆనించి, చురుక్కుమని వెనక్కి లాక్కుంది. ఆమె ముఖంలో కనిపించిన భయాన్ని నేను మరిచిపోలేను.

మర్నాడు ఫారంలో పని ఆపి పైకి చూస్తూ నిలబడిందట. షెడ్డులో నా సగం రేకును అంటుకోకుండా, బెత్తెడు కిందుగా, బిగించి కట్టి ఉంది. రెండు చివర్లా గాలి పోవడానికి ఖాళీ ఉంది. ఆమె వెళ్ళి వీరాచారిని పిలుచుకొచ్చి అలాగే కట్టమంది. నలభై ఏళ్ళుగా పని చేస్తున్నవాడికి నువ్వు నేర్పుతావా అని అతను గొణిగాడు. అయినా జిగురు ఊడదీసి, రేకులను మోసే ఇనుప గొట్టాలకు కింది వైపున కట్టుతీగతో నన్ను బిగించాడు. రేకుకూ నాకూ మధ్య గాలి ఆడింది. ఆ మధ్యాహ్నం సైదమ్మ మళ్ళీ చెయ్యి ఆనించింది. ఈసారి తీయలేదు. చాలాసేపు అలాగే ఉంచి, స్టూలు దిగి, గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది. మూడో రోజు షమీమ్ ఇంటికి వచ్చింది.

ఇక్కడితో ఆగితే బాగుండేది. నా అసలు భయం ఇక్కడే మొదలైంది.

మీటరు నుంచి స్విచ్చి బోర్డుకు వచ్చే పాత వైరొకటి ఆ గొట్టాన్ని పట్టుకుని పోతుంది. నన్ను కట్టేటప్పుడు వీరాచారి దాన్ని పక్కకు జరపలేదు. నా కత్తిరించిన అంచు సరిగ్గా దాని మీద పడింది. పగలంతా తిరిగే ఫ్యాను గాలికి ఆ అంచు సన్నగా అదురుతూ ఉండేది. అదిరినప్పుడల్లా వైరు తొడుగును ఒక్కో గీత కోసేది. వద్దనుకున్నా నా ఒళ్ళు నా మాట వినదు. రోజుకింత, రోజుకింత. నెల తిరిగేసరికి లోపలి రాగి నాకు తగిలింది.

మంట రాలేదు, చప్పుడు కాలేదు, ఫ్యూజు పోలేదు. కరెంటు నిశ్శబ్దంగా నాలోకి పాకింది. నా నుంచి కట్టుతీగలోకి, కట్టుతీగ నుంచి ఇనుప గొట్టాల్లోకి. గొట్టాలు ఎండిన ఇటుక గోడల మీద ఉన్నాయి కాబట్టి దానికి నేలకు దిగే దారి లేదు. దారి కోసం కాచుకుని ఉంది. ఆ గొట్టానికే ఇనుప కొక్కెం, ఆ కొక్కేనికి పాత చీరతో కట్టిన ఉయ్యాల, అందులో పిల్ల. ఆ గొట్టానికే రెండో చివర కట్టి, ఉయ్యాల పక్కగా లాగిన బట్టలారేసే దండెం తీగ.

వాళ్ళకు తెలియదు. నాకు నోరు లేదు.

సూచనలు లేకపోలేదు. కాశింవలి చెమట చేత్తో గొట్టం పట్టుకుంటే జివ్వుమంది. లోడు ఎత్తీ ఎత్తీ నరాలు పట్టేశాయనుకుని రాత్రికి చేతికి కొబ్బరినూనె రాయించుకున్నాడు. అప్పుడు అతని కాళ్ళకు రబ్బరు చెప్పులు ఉన్నాయి కాబట్టి నూనెతో పోయింది. నన్నేబికి కొక్కెం దగ్గర వేలు తిమ్మిరెక్కింది. పక్కింటావిడ అది దిష్టి అని తేల్చింది. పిల్ల మెడలో తాయెత్తు కట్టారు. మనుషులు కంటికి కనిపించని దాన్ని ఎంత తొందరగా నమ్ముతారో, కానీ దాన్ని వెతకాల్సిన చోట మాత్రం వెతకరు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో కరెంటు పోయినప్పుడు మాత్రమే నేను ఊపిరి తీసుకునేదాన్ని. అందరూ విసనకర్రలు అందుకుని కరెంటు వాళ్ళను తిట్టుకునేవాళ్ళు. రాకూడదు, ఇంకాసేపు రాకూడదు అని నేను వేడుకునేదాన్ని. ఫ్యాను కదిలిందంటే నాకు వణుకు పుట్టేది.

రోహిణి కార్తె రెండో వారం. పన్నెండింటికి కరెంటు పోయింది. బయట వడగాడ్పు, తలుపు తెరిస్తే బట్టీ మూత తీసినట్టుంది. పిల్ల ఉయ్యాల్లో కునుకుతోంది. నన్నేబి పెరట్లో గుడ్డలు ఉతుకుతోంది. సైదమ్మ రెండు పాత చీరలు బకెట్లో తడిపింది. ఒకటి దండెం మీద ఉయ్యాల పక్కగా ఆరేస్తుంది, దాని మీదుగా వచ్చే గాలి చల్లగా తగులుతుంది. రెండోది ఉయ్యాల పైన, కొక్కెం మీదుగా గుడారంలా వేస్తుంది. అంతకు ముందు రోజు కూడా అలాగే వేసింది. అప్పుడు సాయంత్రం దాకా కరెంటు రాలేదు కాబట్టి ఏమీ కాలేదు.

ఆమె కాళ్ళకు చెప్పులు లేవు. చీర నీళ్ళు కారి గచ్చు తడిసింది. మొదటి చీర దండెం మీద వేసి, రెండోది తీసి భుజాన వేసుకుని, ముందుదాన్ని సవరించడానికి కుడిచెయ్యి తీగ మీద పెట్టింది.

ఫ్యాను కదిలింది.

కరెంటుకు దారి దొరికింది. ఆమె వేళ్ళు తీగ చుట్టూ బిగుసుకుపోయాయి. నోరు తెరుచుకుంది గానీ అరుపు రాలేదు. ఆమె ఒంట్లోకి పోతున్నదంతా నాలో నుంచే పోతోంది, నాకు ప్రతి క్షణమూ తెలుస్తోంది. జానెడు అవతల పిల్ల నిద్రలో పెదవులు కదిలిస్తోంది. సైదమ్మ భుజం మీది తడి చీర చెంగు ఉయ్యాల వైపు జారుతోంది.

ఆమె కాలు తగిలి బకెట్టు దొర్లిన చప్పుడుకు నన్నేబి పరుగెత్తుకొచ్చింది. తడి చేతులతో అత్త మీదికి రెండు చేతులూ చాచింది. సైదమ్మ ఎడమచెయ్యి ఎలా లేచిందో నాకు తెలియదు. ఆ చెయ్యి తడి చీరను ఉయ్యాలకు దూరంగా విసిరేసి, అరచెయ్యి చూపించి కోడల్ని ఆపింది. గొంతులోంచి రెండు మాటలు పళ్ళ మధ్య నలిగి వచ్చాయి.

"ముట్టుకోకు... ఫీజు."

నన్నేబి ఒక్క క్షణం నిలబడింది. ఆ క్షణం నా బతుకంతటి కంటే పొడుగు. తరువాత మీటరు దగ్గరికి ఉరికి ఫ్యూజు పీకి పారేసింది. సైదమ్మ తీగ వదిలి తడి గచ్చు మీద కుప్పకూలింది.

ఆమె బతికింది. ఆస్పత్రిలో తొమ్మిది రోజులు ఉంది. అరచెయ్యి కమిలిపోయింది, చివరి రెండు వేళ్ళకు ఈనాటికీ స్పర్శ లేదు.

ఆ తొమ్మిది రోజులూ ఇల్లు చీకట్లో ఉంది. కాశింవలి రోజూ వచ్చి నా కింద నిలబడి చూసేవాడు. ఇర్మియా అనే ఎలక్ట్రీషియన్‌ను తెచ్చి చూపించాడు. అతను నా అంచు పైకెత్తి, కోసుకుపోయిన వైరు బయటికి లాగి చూపించాడు. ఇనుముకూ ఈ పట్టకూ ఆనించి వైరు ఎవరూ లాగకూడదని, ఇంటికి ఎర్తు కూడా లేదని, ఇన్నాళ్ళూ నలుగురూ బతికి ఉండటమే గొప్పని చెప్పాడు. వైరును గోడ వెంట ప్లాస్టిక్ గొట్టంలో వేశాడు. గొట్టాలను, నన్ను కలిపి ఎర్తు దించాడు. కరెంటు దారి తప్పితే తనంతట తానే ఆగిపోయే స్విచ్చి ఒకటి పెట్టాడు. నా అంచులు మడిచి, వైరుకు చాలా ఎడంగా కట్టాడు. కాశింవలికి మాత్రం మనసు కుదుటపడలేదు. తల్లి ఇంటికి వచ్చే రోజున కత్తి తీసుకుని స్టూలెక్కాడు.

నేను ఏమీ అనుకోలేదు. అతను చేస్తున్నది సబబే అనిపించింది. వైరును కోసింది నా అంచే.

అప్పుడే ఆటో దిగి సైదమ్మ గడపలోకి వచ్చింది. చేతికి కట్టు, ముఖం వాడిపోయి ఉంది. కొడుకును చూసి అరవలేదు. గోడ పట్టుకుని నిలబడి మెల్లగా అంది.

"మీ నాయన్ను చంపింది ఎండ. నన్ను పట్టుకుంది వైరు. దాన్ని పీకితే నీ కూతుర్ని మధ్యాహ్నం ఎక్కడ పడుకోబెడతావు రా?"

అమ్మా, నాకు భయంగా ఉందే అన్నాడు కాశింవలి. ఒక బిడ్డకు తండ్రి, సున్నం బస్తాలు ఎత్తేవాడు, స్టూలు మీద కత్తి పట్టుకుని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

తనకూ భయంగానే ఉందని ఆమె చెప్పింది. భయపడుతూనే ఉందాం, చూసుకుంటూ ఉందాం అంది. అతను స్టూలు దిగాడు.

ఇర్మియా మర్నాడు వచ్చి, కరెంటు ఉంటే పిడిలో చిన్న దీపం వెలిగే టెస్టరు ఒకటి ఇచ్చి, ఎలా పట్టుకోవాలో ఆమెకు నేర్పించాడు. ఇప్పుడు రోజూ ఎండెక్కక ముందే సైదమ్మ చెప్పులు వేసుకుని స్టూలెక్కుతుంది. కుడిచేతికి పట్టు చాలదు కాబట్టి ఎడంచేత్తో టెస్టరు పట్టుకుంటుంది. ముందు స్విచ్చి బోర్డులో పెట్టి దీపం వెలుగుతోందా, టెస్టరు పనిచేస్తోందా చూస్తుంది. తరువాత గొట్టానికి, కొక్కేనికి, దండేనికి, చివర్న నాకు ఆనిస్తుంది. పిడిలోని చిన్న గాజు లోపలికి ఇద్దరమూ చూస్తాం.

అది వెలగదు.

ఆమె ఊపిరి వదిలి స్టూలు దిగుతుంది. పైన రేకులు అప్పటికే టపటపమని కాగడం మొదలుపెట్టి ఉంటాయి. నేను వాటికి ఎదురుగా ఒళ్ళు బిగబట్టుకుంటాను.

"ఇక పడుకోబెట్టవే అమ్మాయ్" అంటుంది కోడలితో.